ఆ చీరలో నా సగం

గ్రూపులో నన్ను అందరూ సార్ అనేవాళ్లు. కొందరు గురువుగారూ అనేవాళ్లు. ఒకాయన అయితే, ఈ వయసులో అంతసేపు ఫోను చూస్తే కళ్లు దెబ్బతింటాయని, మధ్యమధ్యలో చల్లటి నీళ్లతో కడుక్కోమని జాగ్రత్తలు కూడా చెప్పాడు. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు. ఎమ్మిగనూరులో మగ్గమున్న ఇంటి కోడలిని. పదో తరగతితో చదువు ఆపినదాన్ని. సార్‌కు ఉండాల్సినవాటిలో నాకున్నది కోపం ఒక్కటే.

అది చేనేత చీరల గురించి మాట్లాడుకునే గ్రూపు. వేలమంది ఉండేవాళ్లు. కొన్న చీర ఫోటో పెట్టి, ఇది నిజంగా చేత్తో నేసిందేనా, మరమగ్గం మీదదా అని అడుగుతారు. తెలిసినవాళ్లు మెల్లగా చెబుతారు, తెలియనివాళ్లు గట్టిగా చెబుతారు. మా ఆయన కొత్త ఫోను కొనుక్కుని పాతది నా చేతిలో పెట్టినప్పుడు నేనూ అందులో చేరాను. సొంత పేరు పెడితే మా చుట్టాలంతా వచ్చి తొంగి చూస్తారని 'నాడె' అని పెట్టుకున్నాను. మగ్గం మీద పేక దారాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు మోసుకుపోయే చెక్క పేరది. ఫోటో కూడా మా ఇంటి నాడెదే పెట్టాను.

నేను మగవాణ్ణని ఎప్పుడూ చెప్పుకోలేదు. వాళ్లే అనుకున్నారు. నా రాత అలాంటిది. "ఇది మరమగ్గం. వాదన అనవసరం" అని రాస్తాను, అంతే. పువ్వుల బొమ్మలూ నమస్కారం బొమ్మలూ పెట్టను. ఆడవాళ్లు చీరలు కొంటారు, చీర గురించి తెలిసేది మాత్రం మగవాళ్లకేనని వాళ్ల నమ్మకం కాబోలు. దిద్దుదామని మొదట్లో ఒకటి రెండుసార్లు అనుకున్నాను. తర్వాత ఆ పిలుపు రుచి మరిగాను. ఇంట్లో పొయ్యి మీద చారు కాగుతుంటే, చేతిలో ఫోనులో ఎవరో లెక్చరరు "మీ అభిప్రాయం కోసం ఎదురుచూస్తున్నాను సార్" అని రాస్తే ఎవరికి బాగుండదు? మా ఆయనకు సంగతి తెలుసు. ఆయన ఆదోనిలో పత్తి మిల్లుకు పోతాడు. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి, "సార్‌గారూ, కాళ్లకు నీళ్లిస్తారా?" అని వెక్కిరించేవాడు.

ఆ గ్రూపును నడిపేవాళ్లలో ఒకాయన ఫోటో బదులు భూతద్దం బొమ్మ పెట్టుకున్నాడు. నేను ఆయన్ని భూతద్దం ఆయన అనే అంటాను. పుస్తకాలు చాలా చదివినవాడే, కాదనను. ఏ చీర ఎప్పుడు ఎక్కడ పుట్టిందో ఏకరువు పెట్టగలడు. మగ్గం దగ్గర మాత్రం ఒక్క పూటైనా కూర్చుని ఉండడని ఆయన మాటల్లోనే తెలిసిపోయేది. ఒకసారి ఎవరో ఆమె తన చీర అసలుదో కాదో చెప్పమంటే, ఒక పోగు తీసి కాల్చి చూడమన్నాడు. ఆ మహాతల్లి పోగు తీయకుండా నేరుగా కొంగుకే అగ్గిపుల్ల పెట్టింది. రూపాయి బిళ్లంత కన్నం ఫోటో పెట్టి, "కాల్చాను సార్, ఇప్పుడేం తెలిసినట్టు?" అని అడిగింది. ఆయన జవాబిచ్చేలోపల నేను రాశాను: "కాలుతుందని తెలిసింది." రెండు రోజులపాటు జనం నవ్వుతూనే ఉన్నారు. ఆయన ఆ నవ్వులన్నీ నా ఖాతాలోనే రాసుకున్నాడు.

ఇక మా మామ సంగతి చెప్పాలి. నేను పుట్టింది ఆదోనిలో. మా నాన్న మిల్లులో బేళ్లు మోసేవాడు, మా ఇంట్లో మగ్గం లేదు. పెళ్లయి ఎమ్మిగనూరు వచ్చాక మా అత్త నాకు నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టడం, పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు దారాలకు, గంజి పెట్టడం నేర్పింది. అత్త పోయాక, మామకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక, మధ్యాహ్నం పూట నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. మొదటి ఏడాది నా నేత చూసి ఆయన తల పట్టుకునేవాడు. ఓపికగా నేర్పాడు. ఒక్కసారీ తిట్టలేదు. ఆ మాట చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. పద్నాలుగేళ్లుగా పొద్దున ఆయన, మధ్యాహ్నం నుంచి నేను. మా ఇంట్లోనే కాదు, మా వీధిలో చాలా ఇళ్లల్లో ఇంతే.

ఇద్దరు నేసినా చీర ఒక్కరు నేసినట్టు కనిపించాలి. అందులో ఒక పని ఉంది. ప్రతి నేతగాడికీ ఒక దెబ్బ ఉంటుంది. పేక దారం వేశాక దాన్ని దగ్గరికి కొట్టే దెబ్బ. ఒకరు గట్టిగా కొడితే గుడ్డ ఒత్తుగా వస్తుంది, ఒకరు మెల్లగా కొడితే కాస్త పలచగా వస్తుంది. ఒకరు లేచి ఇంకొకరు కూర్చున్నప్పుడు, ముందున్నవాళ్లు ఎలా కొట్టారో చూసి, వేలితో తడిమి, తన దెబ్బ తగ్గించుకునో పెంచుకునో వాళ్లతో సరిపెట్టాలి. లేకపోతే ఆ చోట గుడ్డలో అడ్డంగా గీత పడుతుంది. మా ఇళ్లల్లో దాన్ని చెయ్యి కలపడం అంటారు. చెయ్యి కలపాల్సింది ఎప్పుడూ ఆడవాళ్లే. మగవాళ్లు ఆడవాళ్ల దెబ్బకు చెయ్యి కలపడం నేనైతే చూడలేదు. నా దెబ్బ మామ దెబ్బ కంటే గట్టిది. పద్నాలుగేళ్లూ దాన్ని తగ్గించుకునే నేశాను.

ఒకరోజు ఆదోని నుంచి చీరలు కొనే సావుకారి వచ్చాడు. మగ్గం మీద అప్పుడు ఎర్రంచు తెల్లచీర ఉంది, సగం అయింది. ఆయన దాన్ని మెచ్చుకుని, "ఇంట్లో ఇంకెవరైనా నేస్తారా?" అని మామను అడిగాడు. నేను పక్కనే టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ల్యాదప్పా, మొత్తం నేనే. ఆడోళ్లు కండెలు సుడతారు, సాయం జేస్తారు, అంతే" అన్నాడు మామ.

ఆయన నన్ను తక్కువ చేయాలని అనలేదు. ఆయన చెయ్యంటే సావుకారికి గురి, ఆ గురి చెడకూడదని అన్నాడు. అదంతా నాకు అర్థమైంది. అర్థమైనా ఒళ్లు మండింది. మర్నాడు మామ చుట్టాల పెళ్లికి కోడుమూరు పోయి నాలుగు రోజులకు గానీ రాలేదు. మిగతా సగం నేను నేయాలి. గుంటలో కూర్చున్నాను. ఆయన నేసిన చోట వేలు పెట్టి తడిమాను. ఎప్పటిలాగే తెలిసింది, ఎంత తగ్గించాలో. తగ్గించలేదు. నా దెబ్బే కొట్టాను. నాలుగు రోజులూ నా చెయ్యి ఎలా ఉంటే అలాగే నేశాను. గీత పడింది. చూసే నేశాను. చీర కోసి మడిచి పెట్టాను. మామ పెళ్లి నుంచి అలిసిపోయి వచ్చి మడత విప్పి చూడలేదు. మర్నాడే సావుకారి మనిషి వచ్చి పట్టుకుపోయాడు. నాకు భయం వేయలేదంటే అబద్ధం. వారం పది రోజులు ఎవరు తలుపు తట్టినా ఉలిక్కిపడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. మెల్లగా మరిచిపోయాను.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం గ్రూపు తెరిస్తే ఆ చీర కనిపించింది. మామ అంచులో మూడు సన్న ఎర్రగీతల పక్కన ఒక వంకాయరంగు గీత వేస్తాడు. ఊళ్లో ఇంకెవరూ వేయరు. హైదరాబాదులో బ్యాంకులో పనిచేసే ఒకామె పెట్టిన ఫోటో అది. ఎమ్మిగనూరు చీరని కొన్నానని, సగం పలచగా సగం ఒత్తుగా ఎందుకుందో తెలియడం లేదని, తప్పుగా అనుకోవద్దని ఎంతో మర్యాదగా అడిగింది. కింద భూతద్దం ఆయన తీర్పు:

"రెండు వేర్వేరు గుడ్డలు. సగం చేనేత, సగం మరమగ్గం. కనబడకుండా అతికి అమ్మారు. ఎమ్మిగనూరులో ఇలాంటి మోసం మామూలే. ఇకపై ఆ ఊరి చీరలు ఈ గ్రూపులో అమ్మడానికి వీల్లేదు."

దాని కింద నవ్వుల వరస. ఎమ్మిగనూరు ఎక్కడుందని ఒకరు అడిగారు. ఆదోని పక్కన అని ఒకరు చెప్పారు. ఆదోని ఎక్కడుందని ఇంకొకరు అడిగారు. అది కర్ణాటక అని మరొకరు తేల్చేశారు. నాకు నవ్వు రాలేదు. మా వీధిలోనే మూడిళ్ల ఆడపిల్లలు ఆ గ్రూపులో ఫోటోలు పెట్టి నేరుగా చీరలు అమ్ముకుంటున్నారు. ఒక్క మాటతో వాళ్ల దారి మూసుకుపోయింది. ఆ గీత నేను కోపంతో వేసింది. మోసమన్న పేరు మాత్రం ఊరికి వచ్చింది.

వెంటనే రాశాను. "అతుకు లేదు. ఒకటే పడుగు. ఇద్దరు నేశారు."

ఆయన జవాబు అంతే వేగంగా వచ్చింది. "గురువుగారూ, మీ మీద గౌరవంతో అడుగుతున్నాను. ఒక చీరను ఇద్దరెందుకు నేస్తారు? ఆ ఇద్దరెవరు? రేపు సాయంత్రంలోగా రుజువు చూపండి, లేదా మీ మాట వెనక్కి తీసుకోండి."

ఆదోని సావుకారి కూడా ఆ గ్రూపులో ఉన్నాడు, ఆ ఇద్దరెవరో చెబితే ఆయన దగ్గర మామ మాట పోతుంది. చెప్పకపోతే ఊరి పేరు పోతుంది. మర్నాడు పొద్దున్నే ఫోను తీసుకుని మామ దగ్గరికి పోయాను.

"మామా, ఇది సూడు."

ఆయన కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. "మన సీరే గదా. యాడికి పోయింది?"

"హైదరాబాదులో ఒకామె కొన్న్యాది."

ఆయనకు గుడ్డ చూడటమంటే గోటితో పోగుల వెంట నడవడమే. ఫోటో మీదా అలాగే గోరు పెట్టాడు. ఫోటో పక్కకు జారిపోయింది. "ఏందిది, నిలవదేం?" అని విసుక్కున్నాడు. నేను ఫోటో పెద్దది చేసి పట్టుకున్నాను. ఆయన చూపు అంచు వెంట పోతూ పోతూ గీత దగ్గర ఆగింది.

"ఈడ నుంచి నీ సెయ్యి" అన్నాడు.

"ఊ."

"సెయ్యి కలపలేదే? మర్సిపోతివా?"

"ల్యాదు మామా. కావాల్నే కలపలా."

తలెత్తి చూశాడు. నేను ఆగలేదు. "సావుకారితో మొత్తం నేనే అంటివి. ఆడోళ్లు కండెలు సుడతారంతే అంటివి. నేను పక్కనే ఉండాను. పద్నాలుగేండ్ల నుంచి నేను జేసింది కండెలు సుట్టడమేనా మామా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. నేను మగ్గం పక్కన కూర్చుని ఏడ్చాను. చేసింది తప్పని కాదు, చెప్పిన తీరు తప్పని. చాలాసేపటికి తిరిగొచ్చాడు. టీ బంకు దాకా పోయి, తాగకుండానే వచ్చాడట.

"మల్లా సూపీ ఫోను" అన్నాడు. ఈసారి ముట్టుకోకుండా చూశాడు. "నీ సగం ఒత్తుగా ఉండాది. నాది పలసనయ్యింది. మోకాళ్లే అనుకొంటి, సెయ్యి గూడా పోతాంది."

ఆ మాట ఆయన అంత మామూలుగా అనేసరికి నా కోపమంతా చల్లారిపోయింది. నా దెబ్బ గట్టిదని గర్వపడ్డానే గానీ, ఆయన దెబ్బ ఏటేటా సన్నగిల్లుతోందని, దానితో సరిపెట్టేందుకే నేను ఇంకా ఇంకా తగ్గించుకుంటున్నానని ఆలోచించలేదు.

"ఏం రుజువు గావాలంట ఆయప్పకు?" అని అడిగాడు.

బియ్యం డబ్బా మీద ఫోను ఆనించి వీడియో పెట్టాను. ముందు ఆయన గుంటలోకి దిగి జానెడు నేశాడు. ఆయన లేవగానే నేను దిగాను. అలవాటుగా వేలితో తడమబోతుంటే పైనుంచి అన్నాడు: "కలపాకు. నీ సెయ్యి నువ్వు నెయ్యి."

ఆయన కళ్ల ముందు నా దెబ్బతో నేయడం అదే మొదటిసారి. మొదటి రెండు దెబ్బలు అలవాటుగా మెల్లగానే పడ్డాయి. నాలుగైదు పోగులు పడ్డాక నా దెబ్బ నాకు దొరికింది. జానెడు పూర్తయ్యాక ఆయన ఫోను పట్టుకుని దగ్గరికొచ్చి, వాకిలి వెలుతురు పడేలా ఆ గుడ్డను చూపించాడు. అడ్డంగా సన్నటి గీత. అటు పలచన, ఇటు ఒత్తు. పడుగు పోగులు మాత్రం తెగకుండా నేరుగా పోతున్నాయి. ఒక్క మాట కూడా రాయకుండా వీడియో గ్రూపులో పెట్టేశాను.

బ్యాంకు ఆమె అందరికంటే ముందు చూసింది. తన చీరలో గీత అచ్చంగా ఇదేనని, నిన్న అనవసరంగా అనుమానించినందుకు మన్నించమని రాసింది. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్లన్నీ మామకు. "గురువుగారిని ఇన్నాళ్లకు చూశాం", "గురువుగారికి పాదాభివందనాలు" అంటూ వరస కట్టారు. కళ్ల జాగ్రత్తలు చెప్పినాయన, కళ్లజోడు ఉందిగా, ఇక బెంగ లేదన్నాడు. ఇదంతా చదివి మామకు వినిపిస్తుంటే ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. భూతద్దం ఆయన మాత్రం ఇలా రాశాడు: "వీడియో బాగుంది. ఆ మహిళ ఎవరో కెమెరా కోసం కూర్చున్నట్టుంది. గురువుగారి నేత మాత్రం అద్భుతం."

అప్పుడు నవ్వు ఆగిపోయింది. రాశాను. "ఆ పెద్దాయన మా మామ. కెమెరా కోసం కూర్చున్న మహిళను నేను. ఇన్నాళ్లు మీరు గురువుగారూ అన్నదీ నన్నే." రాసి, నాడె అన్న పేరు తీసేసి నా పేరు పెట్టాను. ఇంటిపేరుతో సహా.

తర్వాత ఒకేసారి ఊడిపడ్డారు. కొందరు క్షణంలో అక్కా అనడం మొదలుపెట్టారు. కొందరు ఇది పచ్చి మోసమన్నారు. ఇన్నాళ్లు సార్ సార్ అనిపించుకుని ఇప్పుడు ఆడమనిషినంటే ఎలా అని ఒకరు నిలదీశారు. నేనెప్పుడు అనిపించుకున్నాను, మీరే అన్నారు కదా అని రాశాను. కళ్ల జాగ్రత్తల ఆయన, "అమ్మా, ఎవరివైనా కళ్లు కళ్లే" అన్నాడు. ఆయనంటే నాకు ఈ రోజుకీ ఇష్టం. భూతద్దం ఆయన మాత్రం దిగిరాలేదు. కొన్నాళ్లకు ఆయనే తన తీర్పు తీసేసి మా ఊరి చీరలకు దారి వదిలాడు గానీ, ఆ రోజు రాసింది ఇది:

"వేరే మనిషిలా నటించినవారి మాట ఎలా నమ్మడం? ఇంట్లో సాయం చేసినంత మాత్రాన ఎవరూ నేతగాళ్లయిపోరు. ఆ పెద్దాయన స్వయంగా చెబితే నమ్ముతాం."

అది మామకు పైకి చదివాను.

"సాయమన్న్యాడా?" అన్నాడు.

"నువ్వన్న మాటే గదా మామా" అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

ఆయన మగ్గం పట్టె మీద కూర్చున్నాడు. కొంతసేపు మోకాలు నిమురుకున్నాడు. "రాయి. నేను సెప్పినట్ల రాయి. ఒక్క మాట గూడా మార్సాకు."

"ఆదోని సావుకారి గూడా ఉండాడు మామా ఆ గ్రూపులో. సూస్తాడు."

"సూడనీ. సూడాలనే గదా రాయమంటాండేది."

ఆయన చెబుతూ పోయాడు, నేను టైపు చేస్తూ పోయాను. "నేను నలభై ఏండ్లుగా నేస్తాండాను. ఆ సీరలో కొంగు పక్క సగం నాది. కుచ్చిళ్ల పక్క సగం నా కోడలిది. రెండిట్లో ఎక్కువ దినాలు మన్నేది ఆమెది. ఆదోని సావుకారికి మొత్తం నేనే అని అబద్ధం సెప్పినాను. ఇప్పుడు మా ఇంట్లో నేసేది ఆమె. సాయం జేసేది నేను."

చివరి రెండు మాటల దగ్గర నాకు అక్షరాలు కనబడలేదు.

"ఏమ్మా, రాస్తాండావా ల్యాదా?"

"రాస్తాండా మామా."

కళ్లు తుడుచుకుని పూర్తి చేసి, ఆయన చెప్పింది చెప్పినట్టే ఉందని మొదటి నుంచి చదివి వినిపించాను. తలూపాడు. నేను నొక్కబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"యాడ నొక్కాల?" అని అడిగి, వేలు తువ్వాలుకు తుడుచుకుని, నేను చూపించిన చోట ఆయనే నొక్కాడు.